ఇటలీ పేరు.. మైదా తీరు!

ఇటలీ వంటకు యునెస్కో వారసత్వ గుర్తింపు దక్కింది. 2025 డిసెంబరు 10న, మన ఢిల్లీ ఎర్రకోటలో జరిగిన సమావేశంలోనే ఈ నిర్ణయం వెలువడింది. దీపావళికీ అదే రోజు ఆ గౌరవం లభించింది. అంతకు ముందు, సెప్టెంబరు 22 నుంచి చీజ్, పాస్తా, సాస్‌లపై జీఎస్టీ 5 శాతానికి తగ్గింది. పిజ్జా బ్రెడ్‌పై పూర్తిగా ఎత్తేశారు. పేరు పెరిగింది, పన్ను తగ్గింది. ఒకప్పుడు బెంగళూరు వెళ్తే తినే పిజ్జా, పాస్తాలు ఇప్పుడు మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాసులకూ కొత్త కాదు. మరి హోటల్‌లో మీ పళ్లెంలోకి వచ్చేది నిజంగా ఇటలీ తిండేనా?

ప్రాంతానికో వంట

ఇటలీ అంతటా ఒకే వంట ఉండదు. ఉత్తరాన వెన్న, బియ్యం, మొక్కజొన్న వాడకం ఎక్కువ. దక్షిణాన ఆలివ్ నూనె, టమాటా, గోధుమ రవ్వతో చేసిన పాస్తా. ఉత్తరాది ‘పొలెంటా’ అంటే మొక్కజొన్న పిండిని మరిగే నీళ్లలో పోసి కెలికే ముద్ద. మన రాగి సంగటికి దగ్గరి చుట్టం! పాస్తాను చిక్కుడు జాతి గింజలతో కలిపి వండటం అక్కడి పల్లెల్లో మామూలే. 1950ల్లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ దక్షిణ ఇటలీలో గుండెజబ్బులు తక్కువగా ఉండటం గమనించారు. అక్కడి సామాన్యుల తిండిలో గింజలు, కూరగాయలు, పండ్లే ఎక్కువ. మాంసం అరుదు.

అలాగని పాతదంతా మంచిదనీ అనుకోవద్దు. ఉత్తరాది పేదలు ఒకప్పుడు పొలెంటా తప్ప మరేమీ దొరక్క, నియాసిన్ లోపంతో పెలాగ్రా బారిన పడ్డారు. ముద్ద ఒక్కటే చాలదు, పక్కన పప్పు, ఆకుకూర ఉండాలి. సంగటికైనా ఇదే సూత్రం.

మెనూలో మారిందేమిటి?

మనకు తరచూ ఎదురయ్యేది మైదా రొట్టె మీద దండిగా చీజ్, లేదంటే వెన్న, మైదా, పాలతో చేసిన వైట్ సాస్. గింజలు కనపడవు, కూరగాయలు అలంకారానికే. పిండిపదార్థం, సంతృప్త కొవ్వు, ఉప్పు మూడూ ఒకేసారి లోపలికి వెళ్తాయి. ఐసీఎంఆర్ సర్వే ఫలితాల ప్రకారం (2023) దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. కాబట్టి వారాంతపు సరదా వారంలో మూడు పూటల అలవాటైతే అది చిన్న విషయం కాదు.

మన చేతిలోనే మందు

మదనపల్లె టమాటా మార్కెట్ దేశానికంతటికీ తెలుసు. 2023 జులైలో కిలో ధర వంద దాటినా, మరో సీజన్‌లో కోత కూలి కూడా రాకపోయినా కాయ గుణం మారదు. టమాటాను నూనెతో కలిపి ఉడికిస్తే అందులోని లైకోపిన్‌ను ఒంటికి పట్టించుకోవడం తేలిక. దక్షిణ ఇటలీ సాస్ చేసేది ఇదే పని. సీసాలోని కెచప్ అలా కాదు, అందులో చక్కెర, ఉప్పు కలుస్తాయి.

ఆర్డర్ ఇచ్చే ముందు..

• వైట్ సాస్ బదులు తాజా టమాటా సాస్ అడగండి. కెచప్‌తో చేస్తారా, కాయలతోనా అని కనుక్కోండి.
• చీజ్ సగానికి తగ్గించమనండి. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు మించకూడదు.
• ఒక ప్లేటు ఇద్దరు పంచుకోండి. ముందుగా కూరగాయల సూప్ లేదా సలాడ్ తినండి.
• ఇంట్లో వండుకుంటే ప్యాకెట్ వెనక చూడండి. మైదా కాకుండా దురుమ్ గోధుమ రవ్వ పాస్తా ఎంచుకోండి. మరీ మెత్తబడకుండా ఉడికిస్తే చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. ఉడికించిన అలసందలు కలిపితే ఇంకా మేలు.
• కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించమన్న వారు టమాటా సాస్ ఎంత తినాలో డాక్టర్‌ను అడగాలి.

పది, అంతకు మించి శాఖలున్న హోటళ్లు మెనూలో కేలరీలు చూపాలన్నది ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. ఒకే శాఖ ఉన్న మామూలు ఊరి హోటల్‌కు అది వర్తించదు. అందుకే ఇక్కడ అడగాల్సింది మీరే. నలుగురు అడగడం మొదలుపెడితే మెనూ మారుతుంది. మార్కెట్ యార్డులోని టమాటాకు ఊళ్లోనే ఇంకో గిరాకీ దొరుకుతుంది.