తిప్పేది మోటారు... తోసేదెవరు?

మిక్సీ జారు ఎత్తి చూడండి. కింద నల్లటి కప్లరు కనిపిస్తుంది. మోటారు తిరిగితే ఆ తిరుగుడును బ్లేడుకు అందించేది అదే. అది కాస్త అరిగిందా... ఇక వంటింట్లో గోలే గోల!

డీజిలు పడవను కరెంటు పడవగా మార్చేవాళ్లు చేసేదీ ఇలాంటి పనే. ఇంజిను తీసేసి మోటారు పెట్టాలి. దాన్ని ప్రొపెల్లరును తిప్పే షాఫ్టుకు కప్లింగుతో కలపాలి. ఓస్ ఇంతేనా అనిపిస్తుంది కదూ! కానీ మిక్సీకీ పడవకీ ఓ పెద్ద తేడా ఉంది.

ప్రొపెల్లరు నీళ్లను వెనక్కి నెడుతుంది. నీళ్లు దాన్ని ముందుకు నెడతాయి. ఆ తోపు షాఫ్టు వెంట పడవలోకి వస్తుంది. పడవ కదిలేది దానివల్లే. డీజిలు పడవల్లో సాధారణంగా గేర్‌బాక్సులో ఉండే థ్రస్ట్ బేరింగు ఈ తోపును కాచుకుని పడవకు అందిస్తుంది.

కరెంటు మోటారుకు రివర్సు గేరు అక్కర్లేదు. అదే వెనక్కీ తిరుగుతుంది. దాంతో గేర్‌బాక్సు దండగనుకుని తీసేస్తే, లోపలున్న ఆ బేరింగూ పోతుంది. ఇక తోపంతా మోటారు మీదే! మామూలు మోటార్ల బేరింగులు అంత తోపును మోయడానికి చేసినవి కావు. త్వరగా పాడవుతాయి. అందుకే షాఫ్టుకు విడిగా థ్రస్ట్ బేరింగు పెట్టి, దాన్ని పడవకే గట్టిగా బిగించాలి.

రెండో జాగ్రత్త... మోటారూ షాఫ్టూ ఒకే సూటిలో ఉండాలి. 100 మి.మీ. వ్యాసమున్న కప్లింగు అయితే, రెండు ముఖాల మధ్య సందులో తేడా 0.1 మి.మీ. మించకూడదన్నది మెకానిక్కుల లెక్క. అదీ పడవ నీళ్లమీద ఉన్నప్పుడే చూడాలి. ఒడ్డున దిమ్మల మీద ఉన్నప్పటి ఆకారం నీళ్లలోకి దిగాక కాస్త మారుతుంది మరి! రబ్బరు కప్లింగు వేస్తే అదురు తగ్గుతుందే తప్ప, వంకర పోదు.

ఇదంతా ఎందుకంటే, కరెంటు పడవలు ఇప్పుడు వింతేం కాదు. కేరళలోని వైకోం, తవణక్కడవు మధ్య 75 మందిని తీసుకెళ్లే సోలార్ పడవ 'ఆదిత్య' 2017 జనవరిలోనే మొదలైంది. అది కొత్తగా కట్టిన పడవ. దానికి 20 కిలోవాట్ల మోటార్లు రెండున్నాయి. పాత పడవలకు మోటార్లు బిగించాలంటే మాత్రం ఈ రెండు జాగ్రత్తలూ తప్పవు.

మిక్సీ మొరాయిస్తే ఇంట్లో రోలుంటుంది. నడి ఏట్లో, పిల్లాపాపలున్న పడవ మొరాయిస్తే..?