నెమ్మదిగా కనిపించే నీళ్లు

సముద్రం లేని ఊరివాళ్లకే సముద్రం మీద మోజెక్కువ. విశాఖపట్నంలో పుట్టి పెరిగినవాడు అలల హోరు వినిపిస్తున్నా కిటికీ మూసుకుని హాయిగా నిద్రపోగలడు. సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున, రాళ్లగుట్టల మధ్య కాపురం వుంటున్న హైదరాబాదువాడి సంగతి అలా కాదు. క్యాలెండరులో శుక్రవారమో సోమవారమో ఎర్రంకె పడిందంటే చాలు, చెవిలో కెరటాలు హోరెత్తుతాయి.

అందులోనూ మా హైటెక్ సిటీ వైపు వాళ్లకి ఈ జబ్బు మరీ ముదిరింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్సు తెరిచిన నాటినుంచీ ఈ చుట్టుపక్కల అద్దాల మేడలు లేస్తూనే వున్నాయి. వారంలో అయిదు రోజులూ చల్లగదిలో, కదలని కుర్చీలో, వెలిగే తెర ముందు కూర్చున్నవాడికి ఆరో రోజున ఇసుకా ఉప్పుగాలీ కావాలనిపించటంలో తప్పేముంది? ఒకప్పుడు సెలవులంటే అమ్మమ్మగారి ఊరు. ఇప్పుడు అమ్మమ్మగారే కొండాపూర్‌లో మనవడి దగ్గర వుంటున్నారు. కనక సెలవులంటే రిషికొండ, సూర్యలంక, కాస్త చేయి తిరిగినవాళ్లకి చెన్నై దగ్గర కోవళం, మహాబలిపురం.

వెళ్లటం ఎంత పని! బాపట్ల పక్కనున్న సూర్యలంక 300 కిలోమీటర్ల పైచిలుకు; తెల్లవారుజామున కారెక్కితే మధ్యాహ్న భోజనానికి చేరవచ్చు. విశాఖకు సాయంకాలం రైలెక్కితే తెల్లవారేసరికి దిగవచ్చు. 2023 జనవరి నుంచి సికిందరాబాదు, విశాఖల మధ్య వందేభారత్ కూడా నడుస్తోంది. అసలు చిక్కు వెళ్లిన తరవాత వస్తుంది. అక్కడ ఏం చెయ్యాలి?

మా పై అంతస్తులో ఒక కుర్రజంట వున్నారు. ఇద్దరూ సాఫ్టువేరు ఉద్యోగులే. ఆ మధ్య విశాఖ వెళుతూ అబ్బాయి తన కార్యక్రమం నాకు చూపించాడు. పెళ్లి శుభలేఖలో ముహూర్తాలకు మల్లే నిమిషాలతో సహా రాసివుంది.

"మాస్టారూ, రెండు రోజుల్లో పద్నాలుగు పనులు పెట్టాను. ఏదైనా వదిలేశానంటారా?" అన్నాడు.

"ఒకటి వదిలేశావు బాబూ. ఊరికే కూర్చోవటం."

అతను పాపం నవ్వలేదు. ఫోను తీసి చూసి, "ఆదివారం నాలుగింటికి ఇరవై నిమిషాలు ఖాళీ వుందండీ. అందులో పెట్టమంటారా?" అన్నాడు.

నేను వేళాకోళానికి అన్నమాట కాదది. అలల మీద పలకెక్కి నిలబడే విద్య, అదే సర్ఫింగ్, నేర్పేవాళ్లెవరినైనా అడగండి. గంటసేపు నీళ్లలో వుంటే పలక మీద నిలబడేది నిమిషమో రెండు నిమిషాలో. మిగతా కాలమంతా అల కోసం ఎదురుచూడటమే. ముందు ఇసుకలోనే పలక వేసుకుని బోర్లా పడుకోవాలి. రెండు చేతులూ ఆనించి ఒక్క ఊపున లేచి నిలబడటం సాధన చెయ్యాలి. పలకకూ చీలమండకూ తాడు కట్టుకుని నడుములోతు నీళ్లలో, అప్పటికే విరిగి నురగలైన అలల మీద పడుతూ లేస్తూ వుండాలి. ఏనుగెక్కినంత గొప్పగా ఫొటో దిగుదామని వెళ్లినవాడు మొదటిరోజు గుక్కెడు ఉప్పునీళ్లు తాగి వస్తాడు. అయినా మొహం వెలిగిపోతూనే వుంటుంది!

ఈ విద్య మనకు పరాయిదని కొందరు అనుకుంటారు. ఆటగా పరాయిదే. పసిఫిక్ ద్వీపాలవాళ్లది, హవాయిలో వాళ్లు ఇలా ఆడటం చూసి కెప్టెన్ కుక్ వెంట వెళ్లిన తెల్లవాళ్లు 1779లోనే ఆశ్చర్యపడి రాసుకున్నారు. కాని విరిగే అలను దాటటం మన జాలరులకు ఆట కాదు, కూడు. నాలుగు దుంగలు కలిపి కట్టిన తెప్ప మీద నిలబడి తెడ్డు వేస్తూ పోయేవారు. రేవులు సరిగా లేని రోజుల్లో ఓడ దూరాన ఆగితే, సరుకునూ మనుషులనూ ఒడ్డుకు చేర్చినవి మసూలా పడవలు. వాటికి మేకులుండవు. పలకలను కొబ్బరితాళ్లతో కుట్టేవారు. మేకులు కొట్టిన పడవ అల దెబ్బకు పగిలితే, కుట్టిన పడవ వంగి మళ్లీ నిటారయ్యేది. ఈనాడు కోవళంలో మత్స్యకార కుటుంబంలో పుట్టిన మూర్తి మేఘవన్ తాను సర్ఫింగ్ నేర్చుకుని ఊళ్లో పిల్లలకు నేర్పాడు. 2025 ఆగస్టులో మహాబలిపురంలో ఆసియా పోటీలు జరిగితే మన దేశపు రమేశ్ బుదిహాళ్ కాంస్య పతకం తెచ్చుకున్నాడు. అంటే మన అలలు ఏమంత తీసిపోయినవి కావన్నమాట.

సరే, కూర్చుని ఏం చూడాలి? అలనే చూడాలి. గాలి వీచినప్పుడు వరిచేను మీద కెరటం పరుగెడుతుంది చూశారా? చేను ఎక్కడిదక్కడే వుంటుంది, కెరటం మాత్రం గట్టుదాకా పోతుంది. నడిసముద్రంలో అలా అంతే. ఎక్కడో దక్షిణాన మహాసముద్రంలో తుఫాను లేపిన అల వేల కిలోమీటర్లు వచ్చి మన ఒడ్డున తలవాలుస్తుంది. నీటి లోతు అల ఎత్తుకు సుమారు ఒకటింబావు రెట్లకు తగ్గేసరికి కాళ్లు తట్టుకున్నట్టయి ముందుకు విరుచుకుపడుతుంది. కాబట్టి తెల్లగా నురగ లేచినచోట లోతు తక్కువ. నురగ లేనిచోట లోతు ఎక్కువ.

ఇక్కడే వుంది అసలు సంగతి. అమ్మలూ అయ్యలూ ఈ ముక్క కాస్త నిదానంగా చదవాలి.

అలలు తెచ్చి ఒడ్డున పోసిన నీరు తిరిగి వెళ్లాలి గదా! ఇసుక మేటల మధ్య ఎక్కడైనా సందు దొరికితే అందులోంచి కాలవలాగా సముద్రంలోకి పోతుంది. అక్కడ లోతు ఎక్కువ గనక అల విరగదు. రెండుపక్కలా అలలు ఎగిసిపడుతుంటే మధ్యన ఆ చోటు చెరువులా ప్రశాంతంగా కనిపిస్తుంది. ఈత రాని తండ్రి పిల్లల్ని తీసుకుని ఎక్కడ దిగుతాడు? "ఇక్కడ అలలు లేవురా, రండి" అని సరిగ్గా అక్కడే దిగుతాడు. ఈ ఈడ్పు ప్రవాహాలలో సెకనుకు 2 మీటర్లకు పైగా పరుగెత్తేవి కూడా వుంటాయి. దానికి ఎదురీదటం ఒలింపిక్ ఈతగాడికే కష్టం.

ప్రతి ఏడూ పండగ సెలవుల్లోనూ, కార్తీక స్నానాలకూ, కాలేజీ విహారాలకూ మన తీరానికి వెళ్లిన పిల్లల్లో కొందరు ఇంటికి తిరిగి రావటం లేదు. మర్నాడు హాజరుపట్టీలో ఒక పేరు దగ్గర గొంతు ఆగిపోయే దుస్థితి ఏ మాస్టారికీ రాకూడదు.

ఆ ప్రవాహం మనిషిని అడుక్కి లాగదు, లోపలికి ఈడుస్తుంది. అలలు విరిగే వరస దాటాక దాని బలం తగ్గిపోతుంది. చిక్కుకున్నవాడు ఒడ్డుకేసి ఎదురీది అలిసిపోవటంవల్లనే మునిగిపోతాడు. చెయ్యవలసింది వెల్లకిలా తేలటం, చెయ్యెత్తి పిలవటం, ఓపిక వుంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, నురగలున్న చోటినుంచి అలల సాయంతో ఒడ్డుకు రావటం. కుట్టిన పడవలాగా కాస్త వంగాలి. ఒడ్డునున్నవాళ్లు ప్రేమకొద్దీ వెంట దూకితే ఒకరి బదులు ఇద్దరు పోతారు. కాపలావాళ్లను కేకెయ్యండి, తేలే వస్తువు, మూత బిగించిన ఖాళీ డబ్బా అయినా సరే, విసరండి.

అందుకే నీళ్లలో కాలుపెట్టే ముందు కాస్త ఎత్తయిన చోట కూర్చుని పదిహేను నిమిషాలు చూడమంటాను. నురగ తెగినచోటు, నీరు ముదురు రంగుగా వున్నచోటు, చెత్తాచెదారం లోపలికి పోతున్నచోటు కనిపెట్టండి. జాలరి తాతలెవరైనా వుంటే అడగండి. వాళ్లకు ఆ కాలవలు ఇవాళ ఎక్కడున్నాయో తెలుసు.

ఇంకో తమాషా. ఈ అలల లెక్కలు కట్టే కార్యాలయం సముద్రపు ఒడ్డున లేదు, మన హైదరాబాదులోనే, ప్రగతినగర్‌లో వుంది! దాన్ని ఇన్‌కాయిస్ అంటారు. 1999లో పెట్టిన ఈ కేంద్రమే 2004 సునామీ తరవాత, 2007 నుంచి సునామీ హెచ్చరికలు కూడా ఇస్తోంది. తీరం వెంబడి అలల ఎత్తెంత, ఉప్పెన లేచే సూచన వుందా అన్నది ముందురోజుల్లోనే ప్రకటిస్తుంది. గాలీవానా లేకుండా దొంగలా వచ్చి మీదపడే కెరటాల్ని కేరళ జాలరులు 'కళ్ళక్కడల్', అంటే దొంగసముద్రం, అంటారు. ఆ హెచ్చరికా వీళ్లే ఇస్తారు. హోటలు గది చూసుకునే ఫోనులోనే ఇదీ చూసుకోవచ్చు. ఖర్చేమీ లేదు.

పలకెక్కని పెద్దవాళ్లకు ఏం తోస్తుందంటారా? 2020లో నీలిజెండా గుర్తింపు పొందిన రిషికొండ నుంచి భీమిలి దారి పట్టండి. తొట్లకొండ మీద బౌద్ధభిక్షువులు కొండరాతిలో తొలిపించుకున్న నీటితొట్లున్నాయి. అక్కడినుంచి చూస్తే సముద్రం కాళ్లకింద పరిచినట్టుంటుంది. ఇంకా ముందుకు పోతే ఎర్రమట్టి దిబ్బలు. గోస్తనీనది కడలిలో కలిసే భీమిలిలో డచ్చివారి సమాధులు. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరది. పిల్లలకు ఊళ్లో కురుసుర జలాంతర్గామి వుండనే వుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలు గుడ్లుపెట్టే కాలమని మరపడవల వేట ఆపేస్తారు. ఆ రోజుల్లో తాజా చేప దొరకలేదని హోటలువాడి మీద కేకలెయ్యకండి.

మా పైయింటి అబ్బాయి తిరిగివచ్చాడు. పద్నాలుగింటిలో అయిదే అయ్యాయట. "మిగతావి ఏమయ్యాయి బాబూ?" అంటే, వెనకనుంచి ఆ అమ్మాయి అందుకుని, "ఆయన అలలు చూస్తూ కూర్చుండిపోయారండీ. భోజనానికి రెండుసార్లు పిలవాల్సొచ్చింది" అంది.