ఎండను కాదు, ప్లగ్గును చూడండి

మా హాస్టల్‌లో ఎవరి స్కూటర్ గరమై ఆగినా ఒకటే మాట: "రామగుండం ఎండలు, ఏం చేస్తం?" నేనొప్పుకోను. అదే ఎండల సిలిండర్ మార్చని బండ్లు మంచిగనే తిరుగుతున్నయి కదా!

లెక్క చూడండి. బోర్ 50, స్ట్రోక్ 55.6 మిల్లీమీటర్లయితే ఇంజన్ 109 సీసీ. బోర్ 57 చేస్తే 142 సీసీ. దాదాపు 30 శాతం పెద్దది, వేడీ ఎక్కువే. కానీ ఫ్యాన్ పాతదే, కార్బురేటర్ జెట్ పాతదే! గాలికి తగ్గ పెట్రోల్ అందకపోతే ఇంకా కాలుతది.

అందుకే ముందు ప్లగ్ విప్పండి. గోధుమ రంగుంటే సరే. తెల్లగుంటే పెట్రోల్ తక్కువైనట్టే. మానిఫోల్డ్ దగ్గర గాలి లీకు లేదని చూసుకున్నాకే పెద్ద జెట్ వేయండి. ఫ్యాన్ గాలిని సిలిండర్ మీదికి మళ్లించే కవర్ తీసేసి తిరగొద్దు. కొత్త పిస్టన్ కుదురుకునేదాక గుంజొద్దు.

అసలు నన్నడిగితే ఈ మార్పే వద్దంటా. ఆర్సీలో ఉన్న సీసీని ఇట్ల మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. రాజీవ్ రహదారి మీద లారీల నడుమ పిస్టన్ పట్టేస్తే, ఆ అదనపు 33 సీసీ మనల్ని కాపాడుతదా?