మందు జల్లెడ: పళ్లెములో మేలు, చేనులో కీడు

నడిగడ్డ రైతులకు బి.టి. ప్రత్తి క్రొత్తది కాదు. ఆలంపూర్, గద్వాల ప్రాంతములలో ఎందరో ప్రత్తి విత్తనోత్పత్తి చేయుచున్నారు. క్రాసింగ్ చేయుట, బెరుకులను ఏరివేయుట వారికి బాగుగ తెలిసిన పనులు. అయినను ఒక సందేహము కొందరికి కలుగవచ్చును. ఈ విత్తనములో యాంటీబయాటిక్ మందును ఎదిరించు జన్యువు కలదట; దీని చెక్క మేసిన పశువునకు రేపు మందు పనిచేయునా? ఈ ప్రశ్నకు సూటిగా సమాధానము చెప్పవలెను.

మన దేశములో 2002 మార్చిలో అనుమతి పొందిన మొదటి బి.టి. ప్రత్తికి కాయతొలుచు పురుగును చంపు గుణము క్రై1ఎసి అను జన్యువు వలన వచ్చినది. ఇది నేలలో నివసించు ఒక బాక్టీరియాకు చెందినది. దీనిని ముందుగా ప్లాస్మిడ్ అను చిన్న డి.ఎన్.ఎ. వలయములో అమర్చి, ఆ వలయమును ప్రయోగశాలలోని బాక్టీరియాలో ప్రవేశపెట్టుదురు. లక్షలలో ఏ కొద్దియో దానిని గ్రహించును. కంటికి కానరాని వానిని ఏరుట ఎట్లు? అందుకై వలయములో స్ట్రెప్టోమైసిన్‌ను తట్టుకొను 'ఎ.ఎ.డి.' జన్యువును కూడ చేర్చిరి. బాక్టీరియాను పెంచు ఆహారములో ఆ మందునో, స్పెక్టినోమైసిన్‌నో కలిపినచో వలయము లేనివి పెరుగజాలవు. ఉన్నవి మాత్రమే పళ్లెములో చుక్కలు చుక్కలుగా పెరుగును. తూర్పారబట్టునప్పుడు పొల్లు ఎగిరిపోయి గింజ నిలిచినట్లే ఇదియును.

ఆ జన్యువు విత్తనములో మిగిలియున్న మాట నిజమే. కాని అది బాక్టీరియాలో పనిచేయుటకు అమర్చినది. ప్రత్తి మొక్కలో పనిచేయదు. మొక్క కణములను ఏరుటకు చేర్చిన రెండవ జన్యువు, ఎన్.పి.టి.-2, కానమైసిన్‌ను నిర్వీర్యము చేయు మాంసకృత్తును మొక్కలో తయారుచేయును. అది జీర్ణరసములలో త్వరగా కరగిపోవునని పరీక్షలు తెలిపినవి. మొక్కనుండి జన్యువు బాక్టీరియాకు చేరుట మిక్కిలి అరుదు. అట్టి జన్యువులు నేలలోని బాక్టీరియాలో ముందునుండియే కలవు. కాబట్టి చెక్కను చూచి జంకవలసిన పని లేదు. అయినను ఇట్టి గుర్తు జన్యువులు లేకుండ విత్తనము రూపొందించు పద్ధతులు నేడు కలవు. క్రొత్త రకములకు వానినే వాడవలెనని నా అభిప్రాయము.

అసలు ముప్పు మన చేతిలోని పొట్లములో ఉన్నది. ప్రత్తిలో నల్లమచ్చ తెగులునకు, వరిలో ఎండాకు తెగులునకు స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిసిన పొడిని పిచికారి చేయు అలవాటు చాలకాలముగ వచ్చినది. పళ్లెములో జరుగునదే చేనులోను జరుగును: తట్టుకోలేనివి చచ్చును, తట్టుకొనునవి మిగిలి వృద్ధి చెందును. ప్రయోగశాలలో పళ్లెమునకు మూత ఉన్నది. పని తీరగానే ఆవిరిలో ఉడికించి నాశనము చేయుదురు. చేనికి మూత ఏది? కోళ్ల దాణాలో, పశువుల కొట్టములో కొద్ది కొద్దిగా మందు వాడినను ఫలితమిదియే.

1943లో కనుగొనబడిన స్ట్రెప్టోమైసిన్ క్షయరోగమునకు మొదటి మందు. మనిషి ప్రాణము నిలుపు మందును ఆకుమీద ఖర్చు చేయుట తగునా? 2019 జూలైలో కేంద్ర ప్రభుత్వము పశువులలో, కోళ్లలో కొలిస్టిన్ వాడకమును నిషేధించినది. 2021 డిసెంబరులో పైరులపై స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ వాడకమును నిషేధించుటకు ముసాయిదా ఉత్తర్వు వెలువరించినది.

రైతు సోదరులారా! ఉత్తర్వుల కొరకు ఎదురుచూడక తెగులును తట్టుకొను రకములను, శుద్ధి చేసిన విత్తనమును ఎన్నుకొనుడు. పశువైద్యుని సలహా లేనిదే పశువునకు యాంటీబయాటిక్ ఇవ్వకుడు. ఇచ్చిన పిదప ఆయన చెప్పిన మోతాదును పూర్తిగా వాడుడు. చెప్పిన గడువు తీరువరకు ఆ పాలు అమ్మకుడు. పంచాయతీ కార్యదర్శులు, వ్యవసాయ విస్తరణాధికారులు ఈ మాటను గ్రామసభలో చర్చకు పెట్టవలెను. పళ్లెములో ఏరుకొను బాక్టీరియా మనకు పనివాడు. మన చేనులో మనమే ఏరి పెంచిన బాక్టీరియా రేపు మన బిడ్డకు శత్రువు కావచ్చును.