మాటల మర్మం: ‘రిలీజ్’ – విడిపించుటయా, విడుచుటయా?

కార్యాలయాలలో, ఇళ్లలో కూడా తరచుగా వినిపించే ఇంగ్లీషు క్రియ ‘రిలీజ్’. నిధులు రిలీజవుతాయి, సినిమా రిలీజవుతుంది, ఖైదీ రిలీజవుతాడు. బిగువు సడలించుట అనే అర్థం గల లాటిన్ పదం పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో ఈ రూపు దాల్చింది. ‘రిలాక్స్’, ‘లీజు’ దీనికి దాయాదులే.

టాటానగర్ స్టేషను చెంతనున్న బాగ్‌బేరాలోని రైల్వే కుటుంబాలకు ఈ మూలార్థం కొత్త కాదు. గాలిబ్రేకుల రైలులో గొట్టంలోని ఒత్తిడి తగ్గితే బ్రేకు పట్టుతుంది. తిరిగి 5 కిలోలకు చేరితే వదులుతుంది. దానినే బ్రేకు రిలీజ్ అంటారు.

‘రిలీవ్’ వేరు. దాని మూలార్థం బరువు తేలిక చేయుట. బదిలీ అయిన ఉద్యోగిని బాధ్యతల నుండి రిలీవ్ చేస్తారు; అతని బకాయిలను రిలీజ్ చేస్తారు.

అసలు చిక్కు కర్మపదంతో వస్తుంది. ఖైదీని రిలీజ్ చేస్తే ఖైదీకి లాభం. హక్కును రిలీజ్ చేస్తే ఆ హక్కు గలవారికే నష్టం. తెలుగులో మొదటిది ‘విడిపించుట’, రెండవది ‘విడుచుట’. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట.

‘రిలీజ్ డీడు’ను మనవారు హక్కు విడుదల దస్తావేజు అంటారు. విడుదల అన్న తియ్యని మాట విని, ఏదో చిక్కు నుండి బయటపడుతున్నామని భ్రమించరాదు. అది వాటాను వదులుకొనే పత్రం. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు పుట్టుకతోనే కుమారునితో సమాన హక్కు ఉన్నదని 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన హిందూ వారసత్వ సవరణ చట్టం చెప్పింది. ఆనాటికి తండ్రి జీవించి ఉండనక్కరలేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అన్నదమ్ములపై ప్రేమతో వాటా వదులుకొనుట ఆడపడుచు ఇష్టం; తెలియక వదులుకొనుట మాత్రం ఇష్టం కాదు.

జంషెడ్‌పూర్‌లో హిందీలో చదువుకొన్న మన ఆడపిల్లలలో తెలుగు లిపి రానివారు ఉండవచ్చు. స్వగ్రామం నుండి అట్టి కాగితం వచ్చినపుడు నమ్మకస్తులచే పూర్తిగా చదివించుకొని, అవసరమైతే న్యాయవాదిని సంప్రదించి, ఆ పిమ్మటనే సంతకం చేయుట మేలు.

అభ్యాసం: ‘షి రిలీజ్డ్ ది బర్డ్’, ‘షి రిలీజ్డ్ హర్ షేర్’ – ఈ రెండు వాక్యాలను తెలుగు చేయండి. క్రియ ఒకటే వాడితే మరల మొదటికి రండి.