లెక్కలు ఒక్కరికే చెప్పేటప్పుడు



తెలుగు పండితుడికి లెక్కలతో ఏమి పని అని కొందరు అనుకోవచ్చు. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని ఏనాడో పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. లెక్కకూ భాషకూ నడుమ గోడ ఆనాడు లేదు. భాస్కరాచార్యుని లీలావతి (1150) లోని సమస్యలు కొన్ని, ఎదుట కూర్చున్న ఒక బాలికను పిలిచి అడిగినట్లే ఉంటాయి. ఒక్క శిష్యురాలి కోసం ప్రశ్నను ఎట్లా తీర్చిదిద్దాలో అక్కడ నేర్చుకోవచ్చు.

మన బెజవాడలో ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఇంట్లో ప్రత్యేకంగా లెక్కల మాస్టారిని పెట్టడం మామూలే. అయితే పెక్కు ఇళ్ళలో జరిగేది బడిపాఠానికి పునరుక్తి మాత్రమే. మాస్టారు చేస్తారు, పిల్లవాడు నోటుబుక్కులోకి ఎక్కించుకుంటాడు. తరగతిలో నోరు మెదపనివాడు ఇక్కడా మెదపడు. ఫీజు మారింది గాని బోధన మారలేదు.

ఒక్కరికే చెప్పడంలో ఉన్న లాభం, నా దృష్టిలో, వినే తీరిక. అట్లా చదువుకున్న సగటు విద్యార్థి, తరగతి గదిలో చదివినవారిలో నూటికి 98 మందిని మించాడని 1984లో బెంజమిన్ బ్లూమ్ ప్రకటించాడు. తరువాతి పరిశోధనల్లో లాభం కనబడింది గాని అంతగా కాదు. ఎదుట కూర్చోబెట్టినంత మాత్రాన చదువు రాదన్నమాట.

మరి ఏమి చేయాలి? మన డెల్టా పిల్లవాడికి కౌలు తెలుసు. ఎకరానికి పెట్టుబడి 30,000 రూపాయలు, కౌలు 12 బస్తాలు, బస్తా ధర 1,500 అనుకుందాం. అప్పు పడకుండా ఎన్ని బస్తాలు పండాలి? ముందు ప్రశ్నను తన మాటల్లో, తెలుగులో చెప్పమనాలి. ఇంగ్లీషు పుస్తకంలో తడబడేది చాలాసార్లు లెక్క దగ్గర కాదు, వాక్యం దగ్గర. పెట్టుబడికి 20, కౌలుకు 12, వెరసి 32 అని వాడే తేల్చాక, ఆ తెలియని సంఖ్యకే ఎక్స్ అని పేరు పెట్టాలి. ఆపై ధర 1,200కు పడితే ఏమవుతుందని అడగాలి. కౌలు 12 అట్లాగే ఉండగా పెట్టుబడికి 25 కావాలి. అంటే 37 పండాలి. ఏది మారింది, ఏది మారలేదు అని వాడు మనకు చెప్పగలిగితే బీజగణితం వచ్చినట్లే. తప్పు చెబితే వెంటనే దిద్దరాదు. "ఎట్లా వచ్చింది నాయనా?" అని అడిగితే సగం తప్పులు చెబుతూండగానే వాడికే దొరుకుతాయి.

పదమూడేళ్ళ వయసులో "నాకు లెక్కలు రావు" అన్న మాట ఒకసారి మనసులో నాటుకుంటే పెకలించడం కష్టం. ఐఐటీ సీటుతో పిల్లలను తూచే ఊరిలో ఆ మాట "నేనెందుకూ పనికిరాను" అనేదాకా పోతుంది. కనుక మాస్టారిని పెట్టే తల్లిదండ్రులు రోజుకు ఎన్ని లెక్కలు చేయించారని కాక, మా పిల్లవాడు ఈరోజు ఎంతసేపు మాట్లాడాడని అడగాలని నా మనవి.

మీలో లెక్కలు చెప్పేవారుంటే, మీ అనుభవం తెలుపగలరు.