ఆరోగ్య సర్వేలో సంతకం ఎవరిది? ఖమ్మం టీకా ప్రాజెక్టు చెప్పే పాఠం

మీరు సూర్యాపేటలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. ఆత్మకూర్ (ఎస్)లో ఉన్న మీ అమ్మానాన్నల దగ్గరికి ఆశా కార్యకర్త వచ్చి ఆరోగ్య వివరాలు రాసుకుని వెళ్తుంది. అవి వైద్యం కోసమా, పథకం పనితీరు తెలుసుకోవడానికా, పరిశోధనకా? ఈ తేడా ఎంత ముఖ్యమో పొరుగునే ఉన్న ఖమ్మం అనుభవం చెబుతుంది.

అసలేం జరిగింది?

2009 జులైలో ఉమ్మడి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే టీకా ఇది. అమెరికా సంస్థ పాథ్, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన ఈ ప్రాజెక్టులో దాదాపు 14 వేల మందికి టీకా వేశారు. వారిలో చాలామంది హాస్టళ్లలో చదివే పేద, గిరిజన పిల్లలు. కొందరు బాలికలు చనిపోయారన్న ఆందోళనతో 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును నిలిపేశారు.

టీకా వల్లే చనిపోయారా?

కేంద్రం వేసిన విచారణ కమిటీకి అలాంటి సంబంధం కనిపించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ టీకాను ఇప్పటికీ సిఫార్సు చేస్తోంది.

మరి తప్పెక్కడ?

పద్ధతిలో. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాలపై సంతకం హాస్టల్ వార్డెన్లదే. మరో 1,948 పత్రాలపై వేలిముద్రలే ఉన్నాయి. దుష్ప్రభావాలను కనిపెట్టే స్వతంత్ర వ్యవస్థ, పిల్లలకు బీమా లేవని కూడా సంఘం తప్పుపట్టింది. నిర్వాహకులు దీన్ని క్లినికల్ ట్రయల్ కాదు, ‘ప్రదర్శన ప్రాజెక్టు’ అన్నారు. సంఘం ఒప్పుకోలేదు. పేరు మార్చినంత మాత్రాన పిల్లలకు దక్కాల్సిన రక్షణ తగ్గకూడదు కదా!

ఇప్పుడు నిబంధన ఏమిటి?

ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం, పరిశోధన విషయంలో ఊరి పెద్దో సంస్థ అధిపతో ఒప్పుకున్నా వ్యక్తి అంగీకారం విడిగా తీసుకోవాలి. పిల్లలైతే తల్లిదండ్రుల అనుమతితోపాటు, ఏడేళ్లు దాటిన పిల్లల సమ్మతి కూడా అడగాలి.

మీరేం అడగాలి?

• ఈ వివరాలు ఎందుకు? ఎవరెవరు చూస్తారు?
• వద్దంటే వైద్యం, పథకం ఆగిపోతాయా?
• ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలి? ఖర్చు ఎవరిది?
• ఫలితాలు మాకు చెబుతారా?

ఇలా అడిగినంత మాత్రాన ఆశా కార్యకర్తను అనుమానించినట్టు కాదు. ఖమ్మంలో ఈ ప్రశ్నలకు ముందే జవాబులు దొరికి ఉంటే, పనికొచ్చే టీకాపై అంత అపనమ్మకం వచ్చేది కాదు.